గేటు దాటితే మిస్

మే నెలలో ప్రైవేటు బడి టీచర్లు ఎండ నడినెత్తికి రాకముందే గుంపులుగా ఊర్ల మీద పడతారు. చేతిలో కరపత్రాలు, మెడలో బడి గుర్తింపు కార్డు, సంచిలో నీళ్ళ సీసా. ఒక్కొక్కరూ ఇన్ని అడ్మిషన్లు తేవాలని ముందే చెప్తారు. తెచ్చినవాళ్ళకు జూన్‌లో ఉద్యోగం ఉంటుంది. తేనివాళ్ళ సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పరు, కానీ అందరికీ తెలుసు. ఏ ఊరికి పోతే ఆ ఊరి పేరు వెనక కనబడేటట్టు ఫొటో తీసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నేనూ ఎనిమిదేళ్ళు ఆ పని చేశాను.

ఆ పనిలో నేను గట్టిదాన్ని. మాది నర్సింహులపేట దిక్కున ఒక తండా. మా ఇంటి భాష లంబాడీ. మానుకోట చుట్టుపక్కల తండాలకు మా బడి నన్నే పంపేది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. మిగతా టీచర్లు వాకిట్లో నిలబడి తెలుగులో ఉపన్యాసం దంచుతుంటే, నేను నులక మంచం మీద కూలబడి మా భాషలో ముచ్చట పెట్టేదాన్ని. 'మన పొల్లే చెప్తున్నది గదా' అని నమ్మేవాళ్ళు.

ఎంత నమ్మినా చివరికి ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న.

"మరి నీ బిడ్డ ఏడ చదువుతుంది?"

"మా బడిలనే. నా కండ్ల ముందల్నే."

ఆ ఒక్క మాటతో సగం అడ్మిషన్లు నా ఒళ్ళో పడేవి. వండినామె తాను తింటున్న కూర పెడితే ఎవరు అనుమానిస్తారు?

నా బిడ్డకు అప్పుడు ఏడేళ్ళు, రెండో తరగతి. చుట్టాలు దాన్ని నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నాలుక ఉంది, బాగానే ఉంది. దానికి తొందర లేదు, అంతే. ఏదైనా అడిగితే ముందు మన మొహం చూస్తుంది. తర్వాత పక్కకు చూస్తుంది. లోపల ఏవో సర్దుకుంటుంది. పళ్ళు తోమేటప్పుడు 'ఏం కూర వండాలె' అని అడిగితే, జడ వేసేటప్పుడు 'బెండకాయ' అంటుంది. మధ్యలో మనం అడిగిన సంగతే మరిచిపోయి ఉంటాం. వాళ్ళ నానమ్మతో మాత్రం గంటలకొద్దీ మాట్లాడేది. ఎందుకంటే మా అత్త ఏ పని చేసినా నిదానంగా చేస్తుంది, వినడం కూడా.

నేను అట్లాంటిదాన్ని కాదు. నాది అగ్గి మీద గుగ్గిలం. అన్నం మెత్తబడేదాకా ఆగలేక కుక్కరు మూత తీసే రకం. ఈ పిల్ల నా కడుపున ఎట్లా పుట్టిందో అని నేనే చాలాసార్లు అనుకున్నాను. కొన్నిసార్లు పైకి కూడా అన్నాను, అది వింటుండగానే.

మా బళ్ళో పొద్దున మొదటి పావుగంట ర్యాపిడ్ ఫైర్. టీచరు ప్రశ్న విసురుతుంది, ఎవరు ముందు అరిస్తే వాళ్ళకు గోడ మీది చార్టులో ఒక స్టారు. పేర్ల పక్కన స్టార్లు బారులు తీరి ఉండేవి. నా బిడ్డ పేరు పక్కన తెల్లటి ఖాళీ. జవాబు తెలియక కాదు. అది నోరు తెరిచేసరికి క్లాసు నాలుగు ప్రశ్నల అవతలికి పోయేది. నేనూ పై తరగతుల్లో లెక్కలు అట్లాగే చెప్పేదాన్ని కాబట్టి, 'కొంచెం ఉరుకవే, అందరు ఉరుకుతలేరా' అని రోజూ ఇంట్లో సతాయించేదాన్ని.

మా బళ్ళో ఇంకో కట్టుబాటు ఉంది. చాలా ప్రైవేటు బళ్ళలో ఉంటుంది. టీచర్ల పిల్లలకు ఫీజు లేదు, కానీ వాళ్ళు అదే బళ్ళో చదవాలి. గేటు దాటాక అమ్మను అమ్మ అనకూడదు, మిస్ అనాలి. 'టీచరు పిల్లలకే అన్నీ చేస్తరు' అని మిగతా తల్లిదండ్రులు అనుకోకూడదు కదా.

నిజం చెప్పాలంటే నాకు ఆ కట్టుబాటు నచ్చింది. ఎల్కేజీలో వేసే ముందు వారం రోజులు ఇంట్లో సాధన చేయించాను. మాలో అమ్మను యాడి అంటారు. గడప ఇవతల నిలబడితే యాడి, అవతలికి పోతే మిస్. తప్పితే మళ్ళీ మొదటి నుంచి. అన్నిటికీ ఆలస్యం చేసే నా బిడ్డ ఇది ఒక్కటి మొదటి రోజే నేర్చుకుంది. మిగతా టీచర్ల పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు స్టాఫ్ రూములో దూరి కొంగు పట్టుకునేవాళ్ళు. నా బిడ్డ నాలుగేళ్ళలో ఒక్కసారి రాలేదు. మెట్ల మీద ఎదురైతే గోడకు జరిగి 'గుడ్ మార్నింగ్ మిస్' అనేది. తోటి టీచర్లు 'ఏం పెంచినవ్ మేడం' అంటే నేను పొంగిపోయేదాన్ని.

ఆ ఫిబ్రవరి చివర మా బళ్ళో డెమో క్లాసు పెట్టారు. వచ్చే ఏడు పిల్లల్ని వేయాలనుకునే తల్లిదండ్రుల్ని బడి వ్యానుల్లో తెచ్చి, క్లాసుల్లో వెనక బెంచీల మీద కూర్చోబెట్టి పాఠాలు చూపిస్తారు. నా క్లాసులో కూర్చున్నవాళ్ళంతా తండాలవాళ్ళే, నేను తెచ్చినవాళ్ళే. బడి ఓనరు, మా కరస్పాండెంట్ సారు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐదో తరగతి పిల్లలు అడగక ముందే జవాబులు అరుస్తున్నారు. అంతా ముందే అనుకున్నట్టు సాగుతోంది.

అప్పుడు గుమ్మంలో నా బిడ్డ కనబడింది.

ఎందుకు వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. దాని క్లాసు టీచరును గేటు దగ్గర పూలు ఇవ్వడానికి నిలబెట్టారు. క్లాసులో పెద్దవాళ్ళు లేరు. మిస్ అనుమతి లేకుండా బాత్రూముకు పోకూడదు. మిగతా పిల్లలు పోయి వచ్చారు. ఇది పోలేదు, అనుమతి ఇచ్చే మిస్‌ను వెతుక్కుంటూ వచ్చింది.

"మిస్" అంది.

"యెస్. వాట్ డు యు వాంట్?"

అది నా మొహం చూసింది. తర్వాత పక్కకు చూసింది. పెదాలు కదులుతున్నాయి. దానికి అర నిమిషం చాలు, నాకు తెలుసు. ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాళ్ళం మా అత్త, నేను ఇద్దరమే. వెనక తల్లిదండ్రులు మెడలు సాచి చూస్తున్నారు. సారు చేతి గడియారం చూసుకున్నాడు.

"ఆస్క్ ప్రాపర్లీ" అని బోర్డు వైపు తిరిగి నా లెక్క నేను చేసుకున్నాను.

మళ్ళీ తిరిగేసరికి గుమ్మం తడిగా ఉంది. తెల్ల సాక్సులు తడిసి పసుపు రంగుకు తిరిగాయి. నా క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక బెంచీ మీది ఒక తల్లి మా భాషలో, "అయ్యో, ఎవల బిడ్డనో పాపం" అంది.

అందరూ నా వైపు చూశారు. డెమోకు పిలవడానికి పోయి 'నా బిడ్డ నా కండ్ల ముందల్నే చదువుతుంది' అని ఆ ఇళ్ళల్లో నేను చెప్పి నెల కూడా కాలేదు. నాకు ఆలోచించే తీరిక లేదు. నేను ఎప్పుడూ ఆలోచించేదాన్ని కాదు కదా.

"రెండో తరగతి పిల్ల" అన్నాను.

అది కూడా మా భాషలోనే అన్నాను. ఇంగ్లీషులో అని ఉంటే నా బిడ్డకు అర్థం కాకపోయేదేమో. ఆయమ్మను పిలిచి 'ఈ పిల్లను తీసుకపో' అన్నాను. అది ఏడవలేదు. ఆయమ్మ చెయ్యి పట్టుకుని, తడి అడుగులు వేసుకుంటూ వరండా చివరిదాకా పోయింది. నేను పాఠం పూర్తి చేశాను. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. సారు 'వెరీ గుడ్ మేడం' అన్నాడు.

ఆ రోజు నుంచి నా బిడ్డ బళ్ళో మాట్లాడటం మానేసింది.

మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత క్లాసు టీచరు వచ్చి, హాజరు పిలిచినా 'ప్రెజెంట్' అనడం లేదని చెప్పింది. రాతలో అన్నీ రాస్తుందట, నోరు మాత్రం విప్పదట. వార్షిక పరీక్షల్లో నోటి పరీక్షకు అన్నిట్లో సున్నాలు. ఇంట్లో నానమ్మతో మామూలుగానే మాట్లాడేది. నేను వంటింట్లోంచి బయటికి వస్తే ఆ మాటలు ఆగేవి. నేను అడిగినదానికి 'ఊ', 'ఊఁహూ' తప్ప మూడో మాట లేదు. బుజ్జగించాను, కొత్త గౌను కొన్నాను, ఒకసారి కోపం ఆగక భుజాలు పట్టి ఊపాను కూడా. మా అత్త వచ్చి నా చేతులు విడిపించింది. ఆ రోజు స్నానాల గదిలో గొళ్ళెం పెట్టుకుని ఏడ్చాను.

ఏప్రిల్‌లో కరస్పాండెంట్ సారు పిలిచాడు.

"మేడం, పాపను ఇంకో ఏడు రెండో తరగతిల్నే ఉంచుదాం. మీ పాపే గిట్ల ఉంటే ఊర్లల్ల జనం ఏమనుకుంటరు చెప్పుండ్రి."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. వందమంది పిల్లలకు ఏ బడి మంచిదో చెప్పినదాన్ని, నా ఒక్క పిల్లకు ఏ బడి సరిపోతుందో తెలియక కూర్చున్నాను. ఒక సంగతి మాత్రం ఖాయంగా అనిపించింది. మాటలు వచ్చిన పిల్ల ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే మాటలు పోగొట్టుకుంటుంది.

మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. పదిహేను రోజులకోసారి వస్తాడు. ఫోనులో చెబితే ఆశ్చర్యపోయాడు.

"నువ్వే ఆడ టీచరువు. తల్లి ఉన్న బడి కంటె మంచి బడి ఏడ దొరుకుతది? అందరు గా అదృష్టం లేకనే ఏడుస్తున్నరు."

అందరూ ఇదే మాట. మా అక్క, పక్కింటామె, చివరికి ఆటో అతను కూడా. తల్లి బళ్ళోనే ఉంది, ఇంకేం కావాలి?

మానుకోటలో వేరే బడి చూడటం కుదరదు. కరస్పాండెంట్లందరూ ఒకరికొకరు తెలుసు. నేను ఒక ఆఫీసు మెట్లెక్కి దిగేలోపు మా సారుకు ఫోను పోతుంది. అందుకే జనగామలో ఉన్న మా అక్క దగ్గరికి పోదామనుకున్నాను. అక్కడ పేరున్న బడి ఒకటి ఉంది. పిల్లను అక్క ఇంట్లో ఉంచవచ్చు. ఆ రోజు నాకు తండాల్లో ప్రచారం డ్యూటీ. కరపత్రాల సంచి భుజానికి తగిలించుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని, ఆటో ఎక్కాల్సినదాన్ని రైలు ఎక్కాను.

వరంగల్ దాటకముందే ఫోను మోగింది.

"మేడం, ఫొటో రాలే. ఏ తండాల ఉన్నరు?"

అదే క్షణంలో ఇంజను కూత పెట్టింది.

"గేటు పడ్డది సార్. రైలు పోతున్నది. జర సేపాగి పెడత."

ఫోను పెట్టేసి చూస్తే నా బిడ్డ నా మొహంలోకే చూస్తోంది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. పోయిన ఏడాది ఫొటో ఒకటి వెతికి గ్రూపులో పెట్టాను. ఎవరైనా కనిపెడతారేమోనని కాజీపేట దాకా ఫోను చేతిలోంచి దింపలేదు.

జనగామ బడిలో నాకు కొత్తగా కనబడిందేమీ లేదు. అన్నీ నేను చెప్పే మాటలే. 'ప్రతి పిల్లలో ప్రతిభ ఉంటుంది, దాన్ని మేం బయటికి తీస్తం.' ఈ వాక్యం మా కరపత్రంలో మూడో వరుస. నేను వాళ్ళు చూపించినవి చూడలేదు. కంప్యూటర్లు, ఆట వస్తువులు ఎవరైనా కొంటారు. చెయ్యి కడుక్కునే వంకతో బాత్రూముల దాకా పోయాను. గొళ్ళేలు పెద్దవాళ్ళకు అందే ఎత్తులో ఉన్నాయి. ఒక తలుపుకు తాళం, మీద 'స్టాఫ్ ఓన్లీ' అని రాసి ఉంది. అది ఒక్కటే శుభ్రంగా ఉందని ఆయమ్మే చెప్పింది.

ప్రిన్సిపాల్ నా బిడ్డ ముందు ఇరవై లెక్కల కాగితం పెట్టాడు. పక్కన టిక్కుటిక్కుమనే చిన్న గడియారం పెట్టాడు. పది నిమిషాలు. అది పెన్సిలు పట్టుకుని గడియారాన్ని చూసింది. చాలాసేపు దాన్నే చూసింది. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. గంట మోగేసరికి నాలుగు లెక్కలు అయ్యాయి.

"స్లో లర్నర్ మేడం. ఒకటో తరగతిల ఏద్దాం."

"నాలుగు చేసింది సార్. నాలుగు కరెక్టే ఉన్నయి."

"ఉంటయి మేడం. కాని స్పీడు ముఖ్యం గదా. మీరు టీచరే, మీకు తెల్వదా?"

తెలుసు. ఆ మాటే ఎన్నో ఇళ్ళల్లో ఎందరో తల్లులకు నేను చెప్పాను. ఒక్కో తల్లి తల దించుకుంటే, నేను వాళ్ళ మంచి కోసమే చెబుతున్నాననుకున్నాను. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కాగితం లాక్కుని, మడిచి సంచిలో పెట్టుకుని లేచాను. లేచాక గుర్తొచ్చింది, దరఖాస్తులో నేను పనిచేసే బడి పేరు రాశానని.

మర్నాడు పొద్దున ఏడింటికే ఫోను. సారు అరవలేదు. అరిచినా బాగుండేది.

"జనగామ పోయినరంట. నన్ను అడిగితే నేనే మంచి బడి చెప్తుంటి గద మేడం. సరే, అయిపోయింది. జూన్‌ల బడి తెరిచిన్నాడు పాప మన బడిల కనపడాలె. కనపడకుంటె మీరు గూడ అక్కర లేదు. మీ బిడ్డనే మీరు నమ్మని బడిల ఇతరుల బిడ్డలను ఏస్తరా?"

ఆయన మాటలో తప్పేముంది? మా ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చే జీతం నాదే. మా ఆయనది లారీ తిరిగితే ఉంది, ఆగితే లేదు. బడి తెరవడానికి పద్దెనిమిది రోజులు ఉన్నాయి. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు తీసుకుని బిడ్డతో బస్సెక్కాను. హనుమకొండలో మారి, పరకాల దాటి, భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం. ఎండకు తారు మెత్తబడింది. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా దుమ్ము లేచి పెదాల మీద కరకరలాడింది. మా ఆయన బస్టాండులో ఎదురుచూస్తున్నాడు. ఆయన ఉండే గది సందులోనే ఒక చిన్న బడి ఉందని, దాన్ని నడిపే పెద్దమ్మ పిల్లల్ని కొట్టదని గది ఓనరు చెప్పాడట.

అది బడిలా లేదు. రెండంతస్తుల అద్దె ఇల్లు, ముందు రేకుల షెడ్డు. ఇట్లాంటివాటిని మా ప్రచారంలో 'డబ్బా స్కూళ్ళు' అని వెక్కిరించేవాళ్ళం. నేను మామూలుగానే వెనక్కి పోయాను. బాత్రూము తలుపులకు గొళ్ళేలు పిల్లల భుజాల ఎత్తులో ఉన్నాయి. మూలన, పాత కాగితాలవాడి కోసం కట్టిన నోటుపుస్తకాల కట్ట ఉంది. ఎవరూ చూడటం లేదని తాడు విప్పాను. వంకర రాతల పుస్తకాలు వెతికి తీశాను, ఆఖరి బెంచీ పిల్లలవి. ఎర్ర సిరా చివరి పేజీ దాకా ఉంది. ఒకచోట 'ఇది నిన్నటికన్నా మంచిగుంది' అని తెలుగులో రాసి ఉంది. ఎనిమిదేళ్ళలో నేను ఏ పిల్ల పుస్తకంలోనూ అట్లా రాయలేదు.

బడి నడిపే ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు సర్కారు బడి టీచరట. నా బిడ్డకు ఏ పరీక్షా పెట్టలేదు. కూర్చోమని కుర్చీ చూపించి నన్నే అడిగింది.

"ఈ పాపకు దెబ్బ తాకితే ముందుగాల ఎవరికి చెప్తది?"

నేను నోరు తెరిచాను. 'వాళ్ళ నానమ్మకు' అని మా ఆయన అందించాడు.

నేను లెక్కల టీచరునని తెలిశాక ఆమె మొహం విప్పారింది. వాళ్ళ లెక్కల టీచరు పెళ్ళై వెళ్ళిపోయిందట, జూన్‌కు మనిషి కావాలట.

"మీరే రాండ్రి. జీతం మీ బడంత ఇయ్యలేను గాని, పాపకు ఫీజు ఉండది. తల్లీబిడ్డలు ఒక్క తాన ఉంటరు."

మా ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "ఇంకేం గావాలె! గిది దేవుడు చూపిచ్చిన తొవ్వనే" అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. మనసులో అప్పుడే మానుకోట ఇల్లు ఖాళీ చేసి, అత్తను తీసుకొచ్చి, ఇక్కడి గదిలో సామాను సర్దేశాను. సంచిలోంచి పెన్ను కూడా తీశాను.

"ఆగుండ్రి, పాపను గూడ అడుగుదాం" అంది ఆమె. "ఈ బడికి వస్తవా బిడ్డా?"

నా బిడ్డ ఆమె మొహం చూసింది. తర్వాత పక్కకు చూసింది. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. సందులో లారీ ఒకటి పోయింది. 'వస్త అని చెప్పు' అని మా ఆయన మోచేత్తో పొడిచాడు. నేనూ నోరు తెరవబోతే ఆమె చెయ్యి కొంచెం పైకెత్తింది. నా కాలు కుర్చీ కింద దానంతటదే ఊగుతోంది. ఇక చెప్పదు, మళ్ళీ పరువు పోతుంది, ఈ అవకాశం కూడా పోతుంది అనుకున్నాను.

నా బిడ్డ ఆమె వైపు కాకుండా నా వైపు తిరిగింది. మా భాషలో అడిగింది. "నువ్వు గూడ ఈడికి వస్తవా?"

మూడు నెలల్లో అది తనంతట తాను నన్ను అడిగిన మొదటి మాట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వస్త బిడ్డా. రోజు నీతోనే ఉంట."

దాని మొహం చిన్నబోయింది.

"అయితే వద్దు. నువ్వు లేని బడిల ఎయ్యి."

మా ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. నాకు మొదట వచ్చింది కోపమే. ఇంత తిరిగి, ఇన్ని అబద్ధాలాడి, ఉద్యోగం పణంగా పెట్టి తెస్తే నన్నే వద్దంటుందా? "ఎందుకే?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చి ఉంటుంది. అది మళ్ళీ పక్కకు చూసింది. ఈసారి కాలు ఊపడం ఆపాను.

"నువ్వు ఉంటే నిన్ను పిలవరాదు గద" అంది. "నువ్వు లేకుంటే ఏడుపొచ్చినప్పుడు యాడీ అని ఏడ్వొచ్చు."

మా ఆయన తల దించుకున్నాడు. బడి నడిపే ఆమెకు మా భాష రాదు. ఆమె మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఏమంటుంది పాప?" అని నన్ను అడిగింది.

గొళ్ళేలు చూశాను, నోటుపుస్తకాలు చూశాను, రెండు ఊర్ల బళ్ళు చూశాను. నా బిడ్డకు ఏ బడి పడదో దానికి ముందు నుంచీ తెలుసు. నేను ఉన్న బడి. తల్లి ఉన్న బడి కంటే మంచిది లేదని ఊరంతా అంటుంటే, తల్లి కళ్ళ ముందే ఉండి తల్లి లేకుండా ఆ పిల్ల నాలుగేళ్ళు గడిపింది. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

ఆమె నా జవాబు కోసం చూస్తోంది. తెలుగులో ఆ మాట చెప్పాలి. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఎన్నో ఇళ్ళల్లో గలగలా మాట్లాడినదాన్ని, ఒక్క వాక్యం కోసం గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె తొందర పెట్టలేదు. నా బిడ్డ కూడా తొందర పెట్టలేదు, నా మొహంలోకి చూస్తూ ఆగింది.

"నా బిడ్డను తీసుకోండమ్మా" అన్నాను చివరికి. "నన్ను వద్దు."